ఉలికిపాటు నుంచి బాకీ దాకా: తెలుగు భయానక చిత్రాల్లో దిగ్భ్రాంతి స్వరూపం – ఉయ్యూరు ప్రాంతపు నమ్మకాల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

భయానక చిత్రాలు నేటి ప్రేక్షకుణ్ణి నిజంగా కలవరపెడుతున్నాయా అన్న ప్రశ్నను తెలుగు సినిమా ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భరతుడు వేరుచేసి చెప్పిన త్రాసం, భయం అన్న రెండు భావాలను ఇది కొలమానంగా స్వీకరిస్తుంది. ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్ళు, సిడిబండి, పేరంటాళ్ళ ఆరాధనలో భయం ఏ రూపంలో నిలిచి ఉందో గుర్తించి, ఆ వెలుగులో 1978 నుంచి 2023 వరకు వచ్చిన కొన్ని చిత్రాలను వివేచిస్తుంది. చనిపోయినవారి పట్ల బతికినవారు తీర్చని బాకీ కథలో ఉన్నప్పుడే తెలుగు భయానక చిత్రం ఉలికిపాటును దాటి భయాన్ని కలిగిస్తున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: భయానక రసం, త్రాసం, పేరంటాలు, సిడిబండి, చేతబడి, తెలుగు సినిమా.

1. ప్రశ్న – పరిధి

దెయ్యం సినిమాకు ఇప్పుడెవరూ భయపడరన్న మాట వాడుకలోనూ విమర్శలోనూ స్థిరపడిపోయింది. కరెంటు లేని ఊళ్ళలో, టూరింగు టాకీసు డేరాల్లో బొమ్మ చూసిన తరానికి భయం తెలుసుననీ, అరచేతిలోని ఫోనులో సినిమా చూసే తరానికి అది తెలియదనీ ఈ వాదం సారాంశం. దీనికి రెండు కారణాలు చెబుతారు. ఒకటి, దెయ్యాల మీద నమ్మకం సన్నగిల్లడం. రెండు, తెర వెనుక జరిగే సాంకేతిక మాయ అందరికీ తెలిసిపోవడం.

ఈ వాదాన్ని యథాతథంగా ఒప్పుకొనే ముందు సినిమా చరిత్రలోని ఒక ఉదంతాన్ని గుర్తుచేసుకోవాలి. లూమియేర్ సోదరుల రైలు చిత్రాన్ని 1896లో చూసినవారు రైలు మీదికి వస్తున్నదని పారిపోయారన్న కథ ప్రపంచమంతటా ప్రచారంలో ఉంది. సినిమా చరిత్రకారుడు టామ్ గన్నింగ్ 1989లో రాసిన వ్యాసంలో ఈ కథను ప్రశ్నించాడు. ఆనాటి ప్రేక్షకులు తెరమీది రైలును నిజమైన రైలుగా భ్రమించలేదనీ, భ్రమ అని తెలిసే ఆ యంత్రం చేసిన వింతకు విస్తుపోయారనీ ఆయన వాదం. ప్రతి తరమూ తనకు ముందు తరాన్ని అమాయకమైనదిగా ఊహించుకొంటుంది. ‘వెనుకటివారు నిజంగా భయపడేవారు, మనం భయపడం’ అన్న మాటలోనూ ఆ ఊహే పనిచేస్తున్నది. కాబట్టి భయం ఉందా పోయిందా అని అడిగేకంటే, ఏ రకమైన భయం ఉంది, ఏది పోయింది, ఉన్నది దేనిమీద ఆధారపడి ఉంది అని అడగటం సమంజసం.

2. త్రాసం, భయం: భరతుని విభజన

ఈ ప్రశ్నకు కావలసిన పరికరం నాట్యశాస్త్రంలోనే ఉంది. భరతుడు భయాన్ని స్థాయీభావాల్లో చేర్చాడు, త్రాసాన్ని ముప్పైమూడు వ్యభిచారీభావాల్లో లెక్కించాడు. మెరుపు, పిడుగు, ఉల్కాపాతం, మేఘగర్జన, క్రూరమృగాల అరుపు వంటివి త్రాసానికి కారణాలు. శరీరం అదరడం, రోమాంచం, మాట తడబడడం దాని కార్యాలు. అది క్షణంలో పుట్టి క్షణంలో అణగిపోతుంది. భయం అలాంటిది కాదు. ముందూ వెనుకా ఆలోచించుకోవడం వల్ల పుట్టేది భయమనీ, ఆలోచనకు ముందే మనసును కుదిపేది త్రాసమనీ తరువాతి ఆలంకారికులు ఈ రెంటినీ వేరుచేశారు.

మూలరసాలు నాలుగనీ, వాటినుంచి తక్కిన నాలుగు పుడతాయనీ భరతుడు చెప్పిన క్రమం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం జనిస్తాయి. అంటే భయానకం తనంత తాను పుట్టే రసం కాదు. చూడరానిది, తాకరానిది, జరగరానిది ఏదో ముందు జరిగి ఉండాలి. ఆ జరగరానిదాని నీడ భయానకం.

అభినవగుప్తుడు రసాస్వాదాన్ని వివరిస్తూ భయానకానికే ఉదాహరణ ఎంచుకొన్నాడు. అభిజ్ఞాన శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుని రథానికి ముందు మెడ తిప్పి చూస్తూ పరుగెత్తే లేడి అది. ఆ దృశ్యంలో ప్రేక్షకుడికి తన ప్రాణానికి ముప్పు ఉన్నట్లు తోచదు, లేడి ఎవరిదో, చోటు ఏదో కూడా పట్టదు. దేశకాలాల హద్దులు వీడిపోయిన భయం మాత్రమే హృదయంలో మెదులుతుంది. ‘సినిమా అని తెలుసు కాబట్టి భయం లేదు’ అన్న వాదానికి ఇది వెయ్యేళ్ళనాటి సమాధానం. కల్పన అని తెలియడం భయానక రసానికి అడ్డంకి కాదు. అది కల్పన అని తెలియకపోతే అసలు రసమే లేదు.

ఈ విభజన ప్రకారం నేటి తెరమీద త్రాసానికి ఏ లోటూ లేదు. హఠాత్తుగా మోగే పెద్ద శబ్దానికి కనురెప్ప పడటం, భుజాలు బిగుసుకోవడం శరీరం చేసే ప్రతిచర్యలు. వాటికి నమ్మకంతో పని లేదు. ‘ది కంజూరింగ్’ (2013) కాథలిక్ భూతవైద్యం మీద నడిచే కథ. ఆ మతంతో ఏ సంబంధమూ లేని తెలుగు ప్రేక్షకులు కూడా దానికి ఉలిక్కిపడ్డారు. త్రాసం ఏ భాషకైనా, ఏ దేశానికైనా ప్రయాణించగలదు. ఇంటికి వెంట వచ్చేది, దీపం ఆర్పాక గుర్తొచ్చేది భయం. ఆ భయం ఎప్పుడు కలుగుతుందన్నదే అసలు ప్రశ్న.

3. ఉలికిపాటు – అలవాటు – నవ్వు

తెలుగు సినిమాలో ఉలికిపాటును శాస్త్రీయంగా వాడిన చిత్రం రామ్‌గోపాల్‌ వర్మ ‘రాత్రి’ (1992). అంతకుముందు బి. విఠలాచార్య జానపద చిత్రాల్లో దెయ్యం కంటికి వింతగా ఉండేది. ‘జగన్మోహిని’ (1978)లో దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళు పెట్టి వంట చేసే దృశ్యం తరాలపాటు చెప్పుకొన్నది. అందులో భయంకంటే అద్భుతం పాలు ఎక్కువ. పల్లెటూళ్ళలో పిల్లలకు చెప్పే రాక్షసి కోడలి కథ తెరకెక్కితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వర్మ ఈ వింతను తీసేశాడు. ‘రాత్రి’లో దెయ్యం కంటే దెయ్యం రాబోయే చోటు ముఖ్యం. నిర్మానుష్యమైన వీధుల్లో ఒంటరిగా నడిచే కథానాయిక, నేలకు దగ్గరగా దూసుకువచ్చే కెమెరా, మధ్యతరగతి ఇంటి మామూలు గదులు ఇందులో భయానికి ఆలంబనాలు. ఈ చిత్రానికి నేపథ్యసంగీతం సమకూర్చిన మణిశర్మ మచిలీపట్నంలో పుట్టినవాడు. వర్మ ఇంజనీరింగు చదివిన సిద్ధార్థ కళాశాల విజయవాడ నుంచి బందరుకు పోయే దారిలో ఉంది. అదే దారిలో ఉయ్యూరు ఉంది. తెలుగులో ఆధునిక భయానక చిత్రానికి శబ్దాన్నీ దృశ్యాన్నీ అమర్చిన ఇద్దరికీ కృష్ణా దిగువ డెల్టాతో ఇలా సంబంధం ఉండటం గమనార్హం.

‘రాత్రి’ బలం నిశ్శబ్దంలో ఉంది. తరువాతి చిత్రాలు దాని శబ్దాన్ని తీసుకొని నిశ్శబ్దాన్ని వదిలేశాయి. కీచుమనే తలుపు, అద్దంలో ముఖం, వెనుకనుంచి భుజంమీద చెయ్యి అనే వరుస ఒక వ్యాకరణంగా గట్టిపడింది. ప్రేక్షకుడు ఆ వ్యాకరణం నేర్చుకొన్నాడు. సంగీతం ఆగితే ఏదో రాబోతున్నదని ముందే తెలుసుకొని సిద్ధపడతాడు. సిద్ధపడినవాడు ఉలిక్కిపడినా మరుక్షణం తనను చూసి తానే నవ్వుకొంటాడు.

ఈ నవ్వునే తెలుగు సినిమా తరువాత పెట్టుబడి చేసుకొన్నది. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014), ‘రాజుగారి గది’ (2015) భయాన్ని, హాస్యాన్ని పక్కపక్కన నడిపాయి. ‘ఆనందో బ్రహ్మ’ (2017) ఇంకో అడుగు వేసి మనుషులకే దెయ్యాలు భయపడేలా కథను తిప్పింది. ‘అరుంధతి’ (2009)లో పశుపతి పలికే బెదిరింపు మాట కొద్దికాలంలోనే స్నేహితులు ఒకరినొకరు ఆటపట్టించే మాటగా మారిపోయింది. దెయ్యం సినిమాకు ఎవరూ భయపడరన్న వాదానికి ఈ చిత్రాలే ఆధారం.

అయితే ఈ హాస్యచిత్రాల నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే ఒక విషయం బయటపడుతుంది. తెలుగులోకి అనువాదమై విశేషాదరణ పొందిన లారెన్స్‌ చిత్రం ‘కాంచన’ (2011) దాదాపు సగం నవ్వుల మీద నడుస్తుంది. దెయ్యం ఎవరో చెప్పే గతకథ మొదలవగానే నవ్వు ఆగిపోతుంది. శరత్‌కుమార్‌ పోషించిన కాంచన ఒక హిజ్రా. ఇంటినుంచి వెలివేయబడి, తనవంటి మరొకరిని చదివించి, చివరకు భూమి కోసం హత్యకు గురవుతుంది. ఈ భాగంలో దర్శకుడు హాస్యానికి చోటివ్వలేదు. ఇవ్వలేడు కూడా. అంతసేపూ నవ్వించిన దెయ్యం ఆ క్షణంలో మనుషుల దగ్గర బాకీ వసూలుకు వచ్చిన మనిషిగా కనబడుతుంది. భయానక హాస్యచిత్రంలో సైతం నవ్వు ఎక్కడ ఆగుతుందో అక్కడే భయం పునాది ఉంది.

4. ఉయ్యూరు: పేరంటాలు, సిడి, ముదునూరు

దెయ్యాన్ని బాకీగా చూడటం సినిమా కనిపెట్టింది కాదు. అది తీరాంధ్ర గ్రామాల మతజీవనంలో పాతుకొన్న ఆలోచన. దాన్ని పరిశీలించడానికి ఉయ్యూరు తగిన చోటు.

ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్ళు ఏటా మాఘమాసంలో 15 రోజులపాటు జరుగుతాయి. చుట్టుపక్కల ఊళ్ళనుంచి పెద్దసంఖ్యలో జనం వస్తారు. స్త్రీలు గండదీపాలు మోసి మొక్కులు చెల్లిస్తారు. వీరమ్మ పురాణదేవత కాదు. భర్త మరణించినప్పుడు అతనితో సహగమనం చేసిన స్త్రీ అని స్థానిక కథనం. ఇలా మరణించి పూజలందుకొనే స్త్రీని కోస్తా ప్రాంతంలో పేరంటాలు అంటారు. సహగమనాన్ని బెంగాల్‌లో 1829లోనూ, మద్రాసు ప్రెసిడెన్సీలో 1830లోనూ చట్టం నిషేధించింది. ఆచారం పోయింది, పేరంటాలు మిగిలింది.

అకాలంలో, అసహజంగా ప్రాణం పోయిన స్త్రీకి జానపద విశ్వాసం రెండు దారులు చూపుతుంది. ఊరు ఆమె మరణాన్ని గుర్తించి, గుడి కట్టి, ఏటా పసుపు కుంకుమలు సమర్పిస్తే ఆమె పేరంటాలు. గుర్తించకపోతే ఆమె దెయ్యం. ఇద్దరి పుట్టుకా ఒక్కటే, వేరైంది ఊరి ప్రవర్తన. తద్దినం పెట్టడం, పెద్దలకు బట్టలు పెట్టడం వంటి ఇంటి ఆచారాల్లోనూ ఈ లెక్కే ఉంది. చనిపోయినవారికి ఇవ్వవలసింది ఇస్తే వారు కాపాడతారు, ఇవ్వకపోతే అడగటానికి వస్తారు. తిరునాళ్ళను ఈ దృష్టితో చూస్తే అది ఒక ఊరు తన బాకీని ఏటా వాయిదాల్లో తీర్చుకొనే పద్ధతి. ఆ పద్ధతి ఒక స్త్రీ దహనాన్ని మహిమగా మార్చి, ఆ మరణానికి బాధ్యులెవరన్న ప్రశ్నను అణచివేస్తుందన్న విమర్శ కూడా న్యాయమే. పేరంటాలి గుడిలో భక్తితోపాటు మాటల్లోకి రాని ఒక బెదురు మిగిలి ఉండటానికి ఆ అణచివేతే కారణం కావచ్చు.

ఈ తిరునాళ్ళలోని సిడిబండి ఉత్సవం మన ప్రశ్నకు ఇంకా దగ్గరది. సిడి అంటే పూర్వం మనిషి వీపు కండలో ఇనుపకొక్కెం గుచ్చి, పొడవైన మానుకు వేలాడదీసి తిప్పే మొక్కుబడి. దక్షిణదేశమంతటా ఉన్న ఈ ఆచారం వలసపాలనా కాలంలో ఆంక్షలకు గురై, చాలాచోట్ల రూపం మార్చుకొంది. నేడు ఉయ్యూరులో సిడి పెళ్ళికొడుకుగా అలంకరించిన యువకుణ్ణి గంపలో కూర్చోబెట్టి, సిడిమానుకు వేలాడదీస్తారు. జనం అతని మీద అరటిపండ్లు విసురుతారు. కొక్కెం స్థానంలో గంప వచ్చింది, నెత్తురు స్థానంలో అరటిపండు వచ్చింది. అయినా జనం తగ్గలేదు.

ఇందులో భయానక చిత్ర విమర్శకు ఒక పాఠం ఉంది. దెబ్బ తీవ్రత తగ్గితే దృశ్యం శక్తి తగ్గుతుందనుకోవడం పొరపాటు. గంపలో వేలాడే యువకుణ్ణి చూసేవారికి అతనికి నొప్పి లేదని తెలుసు. కానీ ఆ స్థానం ఒకప్పుడు నొప్పి ఉన్న స్థానమని, ఒక మనిషిని అందరి తరఫున పైకెత్తుతున్నారని ఆ ఆకారమే చెబుతుంది. జనం కేవలం చూడటానికి రారు, విసరడానికి వస్తారు. చూసేవాడు చేసేవాడవడం ఇక్కడి రహస్యం. సినిమా ప్రేక్షకుణ్ణి కుర్చీలో సురక్షితంగా కూర్చోబెడుతుంది. అతన్ని ఆ సురక్షిత స్థానం నుంచి కదిలించి, జరిగినదానిలో అతనికీ భాగముందని తోపించినప్పుడే తెర తిరునాళ్ళ శక్తికి దగ్గరవుతుంది.

ఉయ్యూరు నేలకు మరో ముఖం ఉంది. గోపరాజు రామచంద్రరావు (గోరా) 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించింది ఉయ్యూరు మండలంలోని ముదునూరులోనే. 1947లో అది విజయవాడకు తరలింది. గోరా, సరస్వతీ గోరా దంపతులు మూఢనమ్మకాలను మాటలతో ఖండించడంతో ఆగలేదు, తమ జీవితంతో పరీక్షించారు. సరస్వతీ గోరా గర్భవతిగా ఉండి సూర్యగ్రహణాన్ని చూశారు. నిప్పులమీద నడవడంలో మహిమ ఏమీ లేదని నాస్తిక కేంద్రం నిప్పులగుండం తొక్కి చూపింది.

కాబట్టి ఈ ప్రాంతపు ప్రేక్షకుణ్ణి నమ్మేవాడని గానీ నమ్మనివాడని గానీ ఒక్క మాటలో చెప్పలేము. ఒకే ఊరి పరిసరాల్లో సిడిబండీ, నాస్తికోద్యమమూ ఎనభయ్యేళ్ళకు పైగా ఇరుగుపొరుగున ఉన్నాయి. ఫ్రెంచి విమర్శకుడు త్స్వెతాన్‌ తోదొరోవ్‌ 1970లో అద్భుత సాహిత్యాన్ని నిర్వచిస్తూ సహజ కారణమా, అతీత కారణమా అన్న సంకోచమే దాని ప్రాణమన్నాడు. పూర్తిగా నమ్మేవాడికి ఈ సంకోచం లేదు, పూర్తిగా నమ్మనివాడికీ లేదు. సగం నమ్మకం గల సమాజమే భయానక కథకు అనువైన నేల. నమ్మకం తగ్గితే భయం పోతుందన్న వాదం ఈ సంగతిని విస్మరించింది. తెలుగు పాఠకులను విశేషంగా కలవరపెట్టిన యండమూరి వీరేంద్రనాథ్‌ నవల ‘తులసిదళం’ వైద్యాన్నీ మంత్రాన్నీ సమాంతరంగా నడిపింది. దాని పట్టు ఆ సందిగ్ధంలో ఉంది. ఆ సందిగ్ధమే మూఢనమ్మకానికి కొత్త గౌరవం తెచ్చిపెడుతుందన్న ఆందోళనతో రంగనాయకమ్మ వంటివారు దాన్ని తీవ్రంగా విమర్శించారు.

బాకీ తర్కానికి ఒక ఎదురు పరీక్ష కూడా ఈ డెల్టాలోనే ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు. 1864 నవంబరులో బందరును తాకిన తుఫాను సుమారు 30,000 మందిని బలిగొన్నది. మరణాల సంఖ్యే భయానకానికి మూలమైతే ఈ రెండు ఘటనలను మించిన వస్తువు ఈ ప్రాంతంలో లేదు. కానీ ఉప్పెన జ్ఞాపకం ప్రధానంగా శోకంగా మిగిలింది. స్మారక స్థూపాలు, వర్ధంతులు, బతికి బయటపడినవారి మాటలు దాని రూపాలు. అక్కడ హంతకుడు సముద్రం. వేలెత్తి చూపి బాకీ తీర్చమని అడగదగిన మనిషి కథ మధ్యలో లేడు. జనించినది కరుణం. కరుణానికీ భయానకానికీ మధ్య గీత గీసేది మృతుల సంఖ్య కాదు, బతికినవారి బాధ్యత.

5. బాకీ కథలు: నాలుగు చిత్రాలు

ఈ నేపథ్యంతో ఇటీవలి చిత్రాలను పరిశీలిస్తే వాటి బలాబలాలు స్పష్టమవుతాయి.

కోడి రామకృష్ణ ‘అమ్మోరు’ (1995), ‘అరుంధతి’ (2009) ఒకే ఆలోచన రెండు రూపాలు. మొదటిది గ్రామదేవత కథ, రెండవది పునర్జన్మ కథ. రెంటిలోనూ క్షుద్రశక్తిని ఎదిరించేది స్త్రీశక్తే. ‘అరుంధతి’లో భయం రెండు దిక్కులనుంచి వస్తుంది. పశుపతి దుర్మార్గం ఒక దిక్కు, అతన్ని సజీవంగా సమాధి చేయడమన్న బీభత్సం మరో దిక్కు. దుర్మార్గుడైనా అతనికీ ఒక లెక్క మిగిలింది. ఆ సమాధి గోడ వెనుక ఏముందన్న ఊహ చిత్రం మొదటి సగాన్ని నడిపింది. గోడ పగిలి పశుపతి కంటికి కనబడ్డాక భయం తగ్గి రౌద్రం, వీరం పైకి వచ్చాయి. బీభత్సం నుంచి భయానకం పుడుతుందన్న భరతుని క్రమానికి ఇంతకు మించిన ఆధునిక ఉదాహరణ తెలుగు తెరమీద అరుదు.

సాయికిరణ్‌ ‘మసూద’ (2022) భర్తకు దూరమైన ఒక తల్లి, కూతురు, పొరుగింటి యువకుడి మధ్య నడుస్తుంది. చిత్రం ముందుభాగంలో ఉలికిపాట్లు తక్కువ. ఆవేశించిన కూతురుతో అర్ధరాత్రి ఒంటరిగా ఉన్న తల్లి, ధైర్యం లేకపోయినా ఆమె పిలిస్తే రావలసిన పొరుగువాడు – ఈ నిస్సహాయత చాలు. పట్టణపు అపార్టుమెంటులో తలుపు తడితే ఎవరు తీస్తారన్నది ఆ చిత్రం వేసిన అసలు ప్రశ్న. ఇది ప్రేక్షకుడు ఇంటికి తీసుకువెళ్ళే ప్రశ్న, ఎందుకంటే అతనికీ పొరుగిల్లు ఉంది. ద్వితీయార్ధంలో గతకథ మసూదను స్వభావం చేతనే దుష్టురాలిగా చూపడంతో బాకీ తర్కం బలహీనపడింది. పైగా భూతానికి బురఖా తొడగడం వల్ల భయం పరాయి మతం ఆనవాళ్ళ మీద ఆధారపడింది. ‘మణిచిత్రత్తాళు’ (1993) అనే మలయాళ చిత్రంలో ఆవేశించే నర్తకి తమిళం మాట్లాడుతుంది. దాని తమిళ రూపం ‘చంద్రముఖి’ (2005)లో ఆమె తెలుగు పాడుతుంది. దక్షిణాది సినిమా దెయ్యానికి పక్కవారి భాషనో మతాన్నో అప్పగించి తన చేతులు దులుపుకోవడం పాత అలవాటే. పరాయిదాని పట్ల భయం సులభంగా పుడుతుంది, కానీ అందులో ప్రేక్షకుడి బాధ్యత ఉండదు.

అనిల్‌ విశ్వనాథ్‌ ‘మా ఊరి పొలిమేర’ (2021) థియేటరుకు రాకుండా నేరుగా ఓటీటీలో విడుదలైంది. దాని ఆదరణ వల్ల రెండవ భాగం 2023లో థియేటర్లకు వచ్చింది. చీకటి హాలు, పెద్ద శబ్దం లేకపోతే భయం లేదన్న అభిప్రాయాన్ని ఇది సవరిస్తుంది. చిన్న తెరమీద త్రాసం తగ్గిన మాట నిజం. చేతబడి ఎవరు చేశారన్న అనుమానం ఒక పల్లెలో ఇంటింటికీ పాకే తీరు మాత్రం చిన్న తెరమీదా తగ్గలేదు. పొలిమేర అంటే ఊరి హద్దు. శ్మశానం, గ్రామదేవత ఉండే చోటు అది. చిత్రం ఆ హద్దును ఊరి బయటినుంచి ఇంటి గడప దగ్గరికి జరిపింది.

ఈ నాలుగింటిలో చర్చకు ఎక్కువ తావిచ్చేది కార్తీక్‌ వర్మ దండు ‘విరూపాక్ష’ (2023). ఊళ్ళో పిల్లలు చనిపోతున్నారని, క్షుద్రవిద్య చేస్తున్నారన్న ఆరోపణతో ఒక జంటను గ్రామస్థులు సజీవదహనం చేయడంతో కథ మొదలవుతుంది. పన్నెండేళ్ళ తరువాత ఊరు వరుస మరణాలతో వణుకుతుంది. చిత్రం మొత్తంలో మరచిపోలేని దృశ్యం ఆ తొలి దహనమే. అందులో దెయ్యం లేదు, హఠాత్‌ శబ్దం లేదు. చుట్టూ నిలబడి చూస్తున్న మామూలు మనుషులున్నారు. వాళ్ళు రైతులు, తల్లులు, పెద్దమనుషులు. సిడిమాను చుట్టూ చేరినట్లే వాళ్ళూ చేరారు, కానీ ఇక్కడ విసిరింది అరటిపండు కాదు. ప్రేక్షకుడు తన ఊరి మనుషుల ముఖాలను ఆ గుంపులో గుర్తుపడతాడు. అక్కడ కలిగేది దిగ్భ్రాంతి.

ఆ దిగ్భ్రాంతిని చిత్రం చివరిదాకా నిలుపుకోలేదు. కథ సాగేకొద్దీ అది క్షుద్రవిద్య నిజంగానే పనిచేసే లోకమని స్థిరపడుతుంది. దాంతో గుంపు చేసిన హత్య పొరపాటు అనుమానమన్న స్థితి నుంచి సరైన అనుమానానికి వేసిన కఠిన శిక్ష అన్న స్థితికి జారిపోయింది. ఊరి బాకీ సగం మాఫీ అయింది. భయానికి పునాది వేసిన దృశ్యాన్ని చిత్రమే తరువాత కప్పిపెట్టింది.

6. పణంగా ఉన్నది

ఇది కళకు సంబంధించిన లోపం మాత్రమే కాదు. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషులను కొట్టడం, చంపడం తెలుగు రాష్ట్రాల పత్రికల్లో పదేపదే కనిపించే వార్త. ఆ వార్తల్లో బాధితులు తరచు పేదలు, వృద్ధులు, ఒంటరి స్త్రీలు. తెరమీద చేతబడి నిజమైనప్పుడు తెర బయట ఆ అనుమానానికి బలం చేకూరే ప్రమాదం ఉంది. ‘తులసిదళం’ కాలంలో విమర్శకులు లేవనెత్తిన ఈ అభ్యంతరానికి నేటికీ కాలదోషం పట్టలేదు.

అయితే ఆ అభ్యంతరం నుంచి భయానక చిత్రాలే వద్దన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. గుంపు భయాన్ని దెయ్యం భయంకంటే బలంగా చూపగల శక్తి ఈ కళారూపానికే ఉందని ‘విరూపాక్ష’ తొలి దృశ్యం నిరూపించింది. అమెరికన్‌ చిత్రం ‘గెట్‌ అవుట్‌’ (2017) జాతివివక్షను భయానక వస్తువుగా చేసి ఇదే దారి పట్టింది. అందులో ప్రేక్షకుణ్ణి కలవరపెట్టేది భూతం కాదు, మర్యాదగా నవ్వే ఆతిథేయులు. కళా దృష్టితో చూసినా, సామాజిక దృష్టితో చూసినా కోరదగినది ఒక్కటే: కథ తాను లేవనెత్తిన బాకీని చివరిదాకా మోయడం. బాధ్యత మనుషులమీదినుంచి మంత్రంమీదికి జారిన చోట భయమూ తగ్గుతుంది, నీతీ సడలుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి. తెలుగు భయానక చిత్రం నేటి ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేయడంలో వెనుకబడలేదు, కానీ ఉలికిపాటు అలవాటై నవ్వుగా మారింది. స్థాయిగా నిలిచే భయం మాత్రం నమ్మకం తగ్గినంత మాత్రాన పోలేదు. సగం నమ్మకం, సగం సందేహం గల సమాజంలో అది చచ్చినవారి బాకీ రూపంలో సజీవంగా ఉంది. ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్ళు ఆ బాకీని ఊరు ఎలా మోస్తున్నదో చూపుతాయి. దాని పక్కనే ముదునూరు ఆ మోతను ప్రశ్నించడమెలాగో చూపింది.

ప్రేక్షకుడు మొద్దుబారిపోయాడన్న నింద కంటే, చిత్రాలు అతన్ని గుంపులోంచి తప్పించి కుర్చీలో సుఖంగా కూర్చోబెడుతున్నాయన్న విమర్శ సత్యానికి దగ్గరగా ఉంటుంది. ‘కాంచన’లో నవ్వు ఆగిన చోట, ‘మసూద’లో పొరుగింటి తలుపు దగ్గర, ‘విరూపాక్ష’లో మంట చుట్టూ నిలబడ్డ ముఖాల్లో తెలుగు ప్రేక్షకుడు ఇంకా భయపడుతూనే ఉన్నాడు. ఈ మూడు చోట్లా అతన్ని భయపెట్టినది మనుషులు చేసిన పని, లేక చేయక వదిలేసిన పని.